లోడు బండికే దారి

అనకాపల్లి,
నవంబరు మొదటి వారం.

మహారాజశ్రీ దేవీప్రసాద్ బావగారి దివ్యసముఖానికి, బామ్మర్ది లోహిత్ సాష్టాంగపడి రాయునది.

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో దొర్లబోయే అక్షరదోషాలకీ, అతిశయోక్తులకీ, బెల్లం కొట్లో కూర్చుని రాస్తున్నందువల్ల కాగితానికి అంటిన జిగురుకీ, ఆ జిగురుకి పట్టిన చీమలకీ, చీమల వల్ల పోస్ట్‌మ్యాన్‌కి కలిగే అసౌకర్యానికీ, యావత్ పౌరవిమానయాన వ్యవస్థ ముందు తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను. బీటెక్ పట్టా ఉన్నవాడు ఈ రోజుల్లో పెన్ను పట్టుకుని ఉత్తరం రాయాల్సి వచ్చినందుకు నాకు నేనే క్షమాపణ చెప్పుకున్నాను. నేను ఒప్పుకోలేదు.

తప్పంతా మీ ఎయిర్‌పోర్ట్ కంపెనీది. సామాన్ల బండి నడిపే ట్రైనింగ్ అయ్యేదాకా ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వెయ్యడం ఏమిటి? పెళ్ళాన్ని పుట్టింట్లో దింపి వెళ్ళినవాడు ఆవిడ గొంతు వినొద్దా? ఇందు అక్కకి ఏడో నెల వచ్చింది. డాక్టరమ్మ నడవమందని హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా నా కంప్యూటర్ వైపు చూసి, "మగోడివి, ఎప్పుడు సూడు ముగ్గులేసుకుంతావేటిరా?" అంటోంది.

ముగ్గే మరి. నా విద్య గురించి మీ ఆఫీసర్లకి చెప్పావా? చెప్పకపోతే ఇలా చెప్పు: "కంప్యూటర్లో విమానాలు నడిపే ఆట ఉందండి. అందులో విమానాశ్రయాలు వాటంతట అవి పుట్టవు. మా బామ్మర్దిలాంటి పనిలేనివాడెవడో ఆకాశంలోంచి తీసిన ఫొటో ముందేసుకుని, నేల మీద చుక్కలు పెట్టి, చుక్కలకి గీతలు కలిపి, ఏ గీత మీద విమానం వెళ్ళాలో, ఏ గీత మీద సామాన్ల బండి వెళ్ళాలో, ఎక్కడ ఎవరు ఆగాలో రాస్తాడండి. అది లేకపోతే విమానాలు నేల మీదకి దిగి ఎటు పోవాలో తెలియక దిక్కులు చూస్తాయండి." ఇలా చెప్తే నాకు ఉద్యోగం రాకపోయినా కనీసం ఒక శాలువా పంపిస్తారు.

నీకోసం మీ విమానాశ్రయాన్ని గీశాను కదా, దాన్ని ఆటలో పెట్టాక జనం బాగానే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. సామాన్ల బండి దారి విమానాల దారిని దాటే చోట మొదట్లో ఎంత గొడవ! ఎవరు ముందు వెళ్ళాలో నేను రాయలేదు. విమానం ఇటు, నీ బండి అటు, మొదటి పలకరింపు కోసం చూసుకునే పెళ్ళివారిలా నిలబడిపోయేవి. వెనక విమానాలన్నీ జాం. అప్పుడు నువ్వే అన్నావు: "ఒరే, సెరుకు ఫేక్టరీ యార్డులో ఏటి సేత్తాం? లోడు బండికే దారి. ఖాళీ బండి ఆగాల. లోడెట్టుకుని ఆపేత్తే మళ్ళా లెగుద్దేటి?" అని. పన్నెండు సీజన్లు చెరుకు ట్రాక్టర్ నడిపినవాడి మాట. అలాగే రాసేశాను. లోడుతో నువ్వొస్తే విమానమే ఆగేలా. అంతే, జాం పోయింది. ట్రైనింగ్‌కి వెళ్ళేముందు నెలంతా ఆటలో ఆ బండెక్కి నువ్వు రాజులా దాటుకుంటూ నేర్చుకున్నావు.

మొన్న ఫ్రాన్స్ నుంచి ఎవడో అడిగాడు, మీ దగ్గర విమానాలు పెట్టెల బండికి దారి ఇస్తున్నాయేమిటని. మా జిల్లా మర్యాద అని జవాబిచ్చాను.

ఇట్లు,
విధేయుడు లోహిత్.


ట్రైనింగ్ హాస్టల్, ఎయిర్‌పోర్ట్ కాలనీ,
నవంబరు మూడోవారం.

ఒరే లోహిత్,

నీ ఉత్తరం చీమలతో సహా అందింది. ఇందుని జాగ్రత్తగా చూసుకో. మెట్లు ఎక్కనివ్వకు.

ఇక్కడ అంతా బాగుంది. నా పక్క మంచం ఎర్రిబాబుది, పాయకరావుపేట. వాళ్ళది చేపల వ్యాపారం. రొయ్యల వ్యాన్ నడిపేవాడట. మా ఇద్దరికీ ఒకటే రకం బండి. నాకు నేర్పే సూర్యనారాయణ గారు శ్రీకాకుళం వైపు మనిషి. పేరు చెప్పగానే, "ట్రాక్టరోడివా? అయితే ట్రాలీలు లాగడం నీకు నేర్పక్కర్లేదు" అన్నారు. నిజమే. నాలుగు ట్రాలీలు వెనక తగిలించి వంకర లేకుండా రివర్స్ చేసినవాణ్ణి మా బ్యాచ్‌లో నేనొక్కణ్ణే.

నీ గీతలన్నీ కరెక్టురా. దారులన్నీ కళ్ళు మూసుకుని చెప్పేశాను. అందరూ ఆశ్చర్యపోయారు. ఒక్కటే తప్పు. ఇక్కడ విమానం ఎవరికోసమూ ఆగదు. లోడుందా లేదా అని ఎవరూ చూడరు. దాటే చోట నేల మీద గీత ఉంటుంది. దాని దగ్గర మనం ఆగాలి, రెండు పక్కలా చూడాలి, విమానం కనిపిస్తే అది వెళ్ళిపోయేదాకా కదలకూడదు. పైలట్ కూర్చునేది మేడ మీద. ముక్కు కింద ఉన్న మన బండి అతనికి కనబడదట. క్లాసులో ఇది చెప్పినప్పుడు నేను నవ్వేశాను, మన రూలు గుర్తొచ్చి. సార్ ఎందుకు నవ్వావని అడిగితే చెప్పలేదు.

నువ్వు నవ్వుతావని ఇంకోటి రాస్తున్నాను. మొదటిరోజు ట్రాలీల నిండా పెట్టెలతో గీత దాకా వెళ్ళి, ఆగకుండా దాటేయబోయాను. సార్ చెయ్యి వేసి పక్కనున్న బ్రేకు లాగారు. విమానం ఇంకా దూరంగానే ఉంది. "కొత్త కదా, అవుద్ది" అన్నారు. ఖాళీగా ఉన్నప్పుడు మామూలుగానే ఆగుతున్నాను. లోడున్నప్పుడే కాలు బ్రేకు మీదకి పోవడం లేదు. అలవాటవుతుందిలే.

మీ బావ.


అనకాపల్లి,
నవంబరు ఆఖరు.

బావా,

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నేను గీసిన దారుల నెట్‌వర్క్‌లో తప్పు దిద్దాను. దిద్ది, పైన ఒక ప్రకటన అంటించాను: "సర్వజనులకు తెలియజేయడమేమనగా, ఈ విమానాశ్రయంలో ఇకపై అనకాపల్లి జిల్లా మర్యాదలు చెల్లవు." ఫ్రాన్స్ వాడు సంతోషించాడు.

తరవాత నేనొక పని చేశాను, చెయ్యకుండా ఉండాల్సింది. ఆటలో నీ బండి ఎక్కాను. నిండా లోడు వేసుకుని, నీలాగే, గీత దగ్గర ఆగకుండా వెళ్ళాను. ఈసారి విమానం ఆగలేదు. నా మీంచి వెళ్ళిపోయింది.

ఏమీ కాలేదు బావా. భయం వేసింది అందుకే. ఈ ఆటలో నేల మీది బండికి దెబ్బ తగలడం అన్నది ఎవరూ రాయలేదు. ముక్కు చక్రం నా ఛాతీలోంచి దూరి అవతలికి పోయింది. రెక్క కింద ఇంజను నా తల ఉన్నచోట తిరుగుతూ వెళ్ళింది. నేను ఇవతల పెట్టెలు దించుకుంటున్నాను. నమ్మకం కుదరక మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఏమీ కాలేదు. ఎన్నిసార్లు వెళ్ళానో తెలియదు. అక్క వెనకనుంచి వచ్చి, "అదేటిరా, ఇమానం ఆ బండిలోంచి అలా దూరిపోతాది?" అంటే గబుక్కున తెర ఆర్పేశాను.

నెలంతా కూర్చోబెట్టి నేను నీకు నేర్పింది ఇదే కదా. లోడుతో వెళ్ళు, ఆగకు, ఏమీ కాదు అని.

కాలు సంగతి ఏమైంది? ఈసారి ఉత్తరంలో ముందు అది రాయి. ఎర్రిబాబు కబుర్లు తరవాత.

లోహిత్.


ట్రైనింగ్ హాస్టల్,
డిసెంబరు రెండోవారం.

లోహిత్,

ఇది ఇందుకి చదివి వినిపించకు. చదివాక చింపెయ్.

ఇక్కడ పొద్దుటిపూట మంచు దట్టంగా పడుతోంది. దీపాలు దగ్గరకి వచ్చేదాకా కనిపించవు. నిన్న ఉదయం నాలుగు ట్రాలీల లోడుతో వస్తున్నాను. సార్ పక్కన కూర్చుని వైర్‌లెస్‌లో ఎవరికో చెబుతూ వెనక్కి తిరిగి ఉన్నారు. గీత కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పను. ఆగాలని తల చెప్పింది. "ఆగు ఆగు" అని పైకి అన్నాను కూడా. కాలు కదల్లేదురా. చెరుకు లోడుతో కాటా దగ్గరకి వెళ్తున్నట్టే వెళ్ళిపోయింది బండి.

సగం దాటాక కుడివైపు మంచులో రెండు దీపాలు. తరవాత ముక్కు. దాని చప్పుడు చెవికి వినబడలేదు, పళ్ళకి తెలిసింది. ఆఖరి ట్రాలీ దాటిందో లేదో, దాని గాలికి ట్రాలీ కర్టెన్ లేచి కొట్టుకుంది. పైలట్‌కి మేము కనబడనే లేదు. కనబడి ఉంటే ఆపి రిపోర్ట్ చేసేవాడు. సార్ తిరిగి చూసేసరికి మేము ఇవతల ఉన్నాము. ఆయనకి విమానం తోకే కనబడింది.

చూసినవాడు ఎర్రిబాబు ఒక్కడే. మా ఆఖరి ట్రాలీ వెనకే వేరే బండిలో వస్తున్నాడు. హాస్టల్‌కి వచ్చాక నన్ను పక్కకి లాగి, "సచ్చిపోయేవోడివిరా మామా. నానైతే సూడలేక కళ్ళు మూసీసేను" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాను.

జనవరి ఒకటి నుంచి పక్కన సార్ ఉండరు. ఒక్కణ్ణే.

ఇలాంటి ఉద్యోగం మళ్ళీ రాదురా. మా వైపు చెరుకు తగ్గిపోయింది. ట్రాక్టర్ అమ్మేసి వచ్చాను. పుట్టబోయేదానికి నేను ఫలానా పని చేస్తున్నానని చెప్పుకోవాలి కదా. నువ్వేమీ కంగారు పడకు. రాసుకోవడానికి నాకు ఇంకెవరూ లేరని రాశాను.

దేవీప్రసాద్.


అనకాపల్లి,
డిసెంబరు మూడోవారం.

బావా,

ఉత్తరం చింపేశాను. చింపేముందు అక్క పట్టుకుంది. "ఏటి రాసేడు మీ బావ? సదువు" అంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని వినడానికి సిద్ధమైంది. నేను కాగితం చూస్తూ లేనివి చదివాను. అక్కడ మంచు అందంగా ఉందట. అన్నం బాగుందట. పప్పులో ఉప్పు తక్కువట.

అంతా విని అంది: "పప్పులో ఉప్పు తక్కువైతే నీ సెయ్యి ఎందుకురా అలా వణుకుతాది?"

చలి అన్నాను. అనకాపల్లిలో, ఫ్యాన్ కింద.

బావా, నేను ఈ ఉత్తరంలో జోకులు వెయ్యడం లేదు, చూస్తున్నావు కదా. సూర్యనారాయణ గారికి నువ్వే చెప్పు. "లోడున్నప్పుడు నా కాలు ఆగడం లేదు సార్, ఇంకో నెల నేర్పండి" అను. మంచివాడిలా ఉన్నాడు. మొదటిసారి కోప్పడలేదు కదా. నెట్‌వర్క్ మా బామ్మర్ది తప్పుగా గీశాడు, వాడి వల్లే ఈ పాడు అలవాటు అని చెప్పు. నా పేరు, ఫోన్ నంబర్ ఇవ్వు. వాళ్ళ తిట్లు నేను తింటాను.

పొద్దున్న పెరుమాళ్ళు వీధిలో లోడు ఆటో ఒకటి నా ముందుకి వచ్చి ఆగకపోతే అక్కడే నిలబడిపోయాను. ఆటోవాడు తిట్టిన తిట్లన్నీ అయ్యాక గానీ కదల్లేదు. వీధిలో ఆటోకే నాకు ఇలా ఉంది. నువ్వు అక్కడ రోజూ ఎలా బండెక్కుతున్నావు?

ప్రాణం మీదకొస్తేనే చెయ్యమని మీ కంపెనీ ఇచ్చిన ఆఫీసు నంబర్ ఇక్కడ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా అది నన్ను చూస్తోంది.

నువ్వు చెప్పు బావా. నువ్వే చెప్పు.

లోహిత్.


ట్రైనింగ్ హాస్టల్,
డిసెంబరు ఇరవై తరవాత.

లోహిత్,

ఆ నంబర్ జోలికి వెళ్ళకు. వెళ్తే నీకూ నాకూ చెల్లు. బామ్మర్దివని కూడా చూడను.

సార్‌కి చెప్తే ఏమవుతుందో నీకు తెలియదు. మా బ్యాచ్‌లో ఒకడు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాడు. సాయంత్రానికి బట్టలు సర్దుకోమన్నారు. ఇంకో నెల నేర్పడాలు ఏమీ ఉండవు.

నేనొక ఉపాయం కనిపెట్టాను. లోడు ఎక్కించేటప్పుడు వెనక్కి చూడను. ట్రాలీల్లో ఏమీ లేదు, ఖాళీ, ఖాళీ అని నాకు నేను చెప్పుకుంటాను. మూడుసార్లు ఆగాను. నాలుగోసారి మలుపులో పెట్టెల బరువు వెనకనుంచి తోసింది. నడుముకి తెలిసిపోయింది లోడని. ఆగలేదు. విమానం ఏదీ లేదులే ఆ టైంలో.

రోజూ చేస్తుంటే పోతుంది.

ఇందుకి పప్పు సంగతి చదివి మంచిపని చేశావు. అలాగే చదువుతూ ఉండు.

దే.


అనకాపల్లి,
డిసెంబరు ఆఖరు.

పూజ్యులైన బావగారికి,

ఇచట మేము క్షేమం. బెల్లం ధర పెరిగింది. చీమలు కూడా పెరిగాయి. అక్క నిన్న తనంతట తానే బిడ్డకి పేరు పెట్టేసింది, ఆడపిల్లయితే వెన్నెల అట. మగపిల్లాడైతే నువ్వు పెట్టాలట. నేను "ట్రాలీరావు" అన్నాను. గరిటె విసిరింది. తప్పించుకున్నాను.

నెట్‌వర్క్ పని ఆపేశాను. కొన్నాళ్ళు ముగ్గులు ఆడవాళ్ళకే వదిలేద్దామనుకుంటున్నాను.

ఇంతకుమించి విశేషాలేమీ లేవు.

ఇట్లు,
లోహిత్.


ట్రైనింగ్ హాస్టల్,
జనవరి.

లోహిత్,

అంతా అయిపోయింది.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం సార్ పిలిచారు. ఆఫీసులో ఇంకో ఇద్దరు ఉన్నారు. బల్ల మీద నా పర్మిట్ ఉంది. "లోడున్నప్పుడు నీ కాలు ఆగడం లేదని మాకు కబురొచ్చింది, నిజమేనా?" అన్నారు. లేదన్నాను. ఖాళీ ట్రాలీలు ఇచ్చి తిప్పించారు, ఆగాను. లోడు ఇచ్చి తిప్పించారు. గీత దగ్గర విమానంలా ఒక జీపును నిలబెట్టి, అది దాటిపోయేదాకా నన్ను ఆగమన్నారు. జీపువాడు పక్కకి తప్పించకపోతే వాణ్ణి గుద్దేసేవాణ్ణి. అందరూ చూశారు. సార్ నా చేతిలోంచి బండి తాళం తీసుకున్నారు. తిట్టినా బాగుండేది.

డ్రైవింగ్ ఇక లేదట. కావాలంటే పెట్టెలు ఎక్కించే పనిలో ఉండొచ్చట. లేదా ఇంటికి. వారంలో చెప్పమన్నారు.

ఇది ఎర్రిబాబు పనే. వాడొక్కడే చూశాడు. అడిగితే, "మా అమ్మ కొర్లమ్మ మీద ఒట్టు, నాను సెప్పలేదు మామా" అంటాడు. తల్లి మీద ఒట్టు పెట్టి అబద్ధమాడుతున్నాడని చెంప మీద కొట్టాను. తిరిగి కొట్టలేదు. అందుకే వాడేనని ఖాయం చేసుకున్నాను. ఇప్పుడు హాస్టల్‌లో వాడితో ఎవరూ మాట్లాడడం లేదు. అన్నం ఒక్కడే తింటున్నాడు. వాడు తాగి బండెక్కుతాడని నేను రాసి ఇస్తున్నాను. వాడు తాగడు. కానీ నాది పోయాక వాడిది ఎందుకు ఉండాలి? సోమవారం ఇచ్చేస్తాను.

ఇందుకి ఎలా చెప్పాలో ఆలోచించు.

దేవీప్రసాద్.


అనకాపల్లి,
జనవరి. స్పీడ్ పోస్ట్.

బావా,

ఆ కాగితం ఇవ్వకు. ఇది సోమవారంలోపు చేరాలని పోస్టాఫీసు కౌంటర్ దగ్గర నిలబడే రాస్తున్నాను. వెనక లైన్లో ఉన్నాయన దగ్గుతున్నాడు.

నా మీద మోపదగ్గ నేరాలన్నీ ముందు చెప్పేస్తాను, నువ్వు వెతుక్కోనక్కర్లేకుండా. నేను అక్కకి ఏమీ చెప్పలేదు. ఆవిడే కనిపెట్టి ఉంటే అది నా నేరం కాదు. నీ ఉత్తరాలు ఎవరికీ చూపించలేదు. ఎర్రిబాబుతో ఎన్నడూ మాట్లాడలేదు. అతని గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియదు. లోడు బండికి దారి ఇచ్చే రూలు నేను రాశాను కానీ ఆ మాట నువ్వే అన్నావు. దాంట్లో చెరిసగం. నీ కాలుని నేను పాడుచేశానా, పన్నెండేళ్ళ చెరుకు పాడుచేసిందా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. "విశేషాలేమీ లేవు" అని రాసిన ఉత్తరం మాత్రం అబద్ధం. దానికి శిక్ష వేసుకో.

ఇవన్నీ నేను చెయ్యనివీ, సగం చేసినవీ. పూర్తిగా చేసింది ఒకటి ఉంది.

నీ ఉత్తరంలో "నడుముకి తెలిసిపోయింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఫ్రిజ్ మీద కాగితం పీకి జేబులో పెట్టుకుని బెల్లం మార్కెట్‌కి వెళ్ళాను. వేలంపాట అరుపుల్లో నా గొంతు ఎవరికీ వినబడదని. ఫోన్ సూర్యనారాయణ గారే ఎత్తారు. ముందు రెండుసార్లు పెట్టేశాను. మూడోసారి, నా పేరు లోహిత్ అండి, దేవీప్రసాద్ బామ్మర్దినండి, అనకాపల్లి నుంచి అన్నాను. మంచులో ఏం జరిగిందో చెప్పాను. నెట్‌వర్క్ గీసింది నేనేనని, తప్పు రూలు రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన దాని గురించి ఏమీ అడగలేదు. తరవాత, "బాబూ, నేను పక్కనే ఉన్నాను కదా ఆ రోజు" అన్నారు.

ఎర్రిబాబు దగ్గరకి ఇప్పుడే వెళ్ళు. ఈ ఉత్తరం అతని చేతిలో పెట్టు. కొట్టాలంటే నన్ను కొట్టు, వచ్చి కొట్టు. గుమ్మంలోనే కూర్చుంటాను.

ఫోన్ పెట్టేముందు సూర్యనారాయణ గారు అడిగారు: "నేను ఇప్పుడు అతన్ని ఆపేస్తే ఉద్యోగం పోద్ది. ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉందంటున్నావు. తెలిసే సెప్తన్నావా?"

తెలుసండి, ఆపండి అన్నాను.

లోహిత్.